కాలేజీ చూడ్డానికి పోతే ముందు వార్డు ఎక్కడో అడగండి

మా చిన్నాయన కూతురు ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పాసయింది. నీట్‌లో సీటు వచ్చేంత మార్కులు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ పెట్టిద్దామంటే ఇంట్లో డబ్బు లేదు, రెండేళ్ళుగా చెనిక్కాయ పంట పెట్టుబడి కూడా తిరిగి ఇవ్వలేదు. నేను నైట్ డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోన్ చేసి "అక్కా, నర్సింగ్‌లో చేరతా, ఏ కాలేజీ మంచిదో చెప్పు" అంది. వెనక నుంచి చిన్నాయన గొంతు, "ఆదోనిలో ఎవరో సార్ ఉన్నాడంటమ్మా, బెంగళూరులో సీటు ఇప్పిస్తాడంట, ఫొటోలు కూడా పంపించినాడు, నాలుగంతస్తుల బిల్డింగు" అని. ఆ ఫొటోలు నాకూ పంపారు. గేటు ఉంది, తోట ఉంది, పసుపు రంగు బస్సు ఉంది, ల్యాబులో మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ ఉంది. పిల్లలు పని నేర్చుకునేది ఏ ఆసుపత్రిలో అన్నది మాత్రం ఎక్కడా లేదు.

ఆ పాపకు ఫోన్‌లో సగం సగం చెప్పి డ్యూటీకి పోయాను. ఇలాంటి ఫోన్లు జూన్ వచ్చిందంటే నాకు చాలా వస్తాయి, పత్తికొండ నుంచి, డోన్ నుంచి, గుంతకల్లు నుంచి, తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళు. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను పల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి, ప్రైవేటులో పని చేసి, తర్వాత పోస్ట్ బేసిక్, అంటే డిప్లొమా వాళ్ళు చదివే బీఎస్సీ చేసి, కాంట్రాక్టులో ఏళ్ళు గడిపి, ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. పదహారేళ్ళయింది ఈ పనిలోకి వచ్చి.

మొదట కోర్సుల సంగతి త్వరగా చెప్పేస్తా. ఏఎన్ఎం 2 ఏళ్ళు, జీఎన్ఎం 3 ఏళ్ళు, బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్ళు. బీఎస్సీకి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండి 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 40. జీఎన్ఎంకు ఇంటర్ ఏ గ్రూపైనా ఫరవాలేదు. బైపీసీ చదివి, నాలుగేళ్ళు ఇల్లు ఓర్చుకోగలిగితే బీఎస్సీలోనే చేరండి. పల్లెల్లో విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకు బీఎస్సీ అడుగుతారు, ఎమ్మెస్సీకి అదే దారి, ఎయిమ్స్ పరీక్షకు చదువు అయిన వెంటనే కూర్చోవచ్చు. నేను చేసినట్టు జీఎన్ఎం చేసి, తర్వాత 2 ఏళ్ళ పోస్ట్ బేసిక్ చేస్తే మొత్తం ఐదేళ్ళవుతుంది, రెండుసార్లు ఫీజు కట్టాలి. కానీ ఇంట్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదువుతుంటే, మూడేళ్ళకే జీతం చేతికి రావాలంటే జీఎన్ఎం తప్పు దారేం కాదు. మా ఇంట్లో ఆ రోజు అదే కుదిరింది. ఉద్యోగం చేస్తూ పోస్ట్ బేసిక్ చదవాలనుకునే జీఎన్ఎం వాళ్ళకు ఇగ్నోలో కూడా ఉంది, అది కనీసం 3 ఏళ్ళు పడుతుంది.

ఇక అసలు సంగతి, వార్డు.

నేను రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా క్లినికల్ పోస్టింగ్, అంటే వార్డులో పని నేర్చుకునే వంతు, కర్నూలు పెద్దాసుపత్రిలో పడింది. చుట్టుపక్కల జిల్లాల నుంచీ, అటు తెలంగాణ వైపు గద్వాల నుంచీ, కర్ణాటక రాయచూరు వైపు నుంచీ కూడా మనుషులు వచ్చే ఆసుపత్రి అది. ఒక సాయంత్రం ఆలూరు వైపు నుంచి ఒకాయనను ఆటోలో తెచ్చారు, చెనిక్కాయ చేలో కలుపు తీస్తుంటే రక్తపింజరి కరిచిందని. కాలు ఉబ్బి నల్లబడుతోంది. డ్యూటీలో ఉన్న సిస్టర్ కొత్త గాజు ట్యూబులో రెండు ఎంఎల్ రక్తం తీసి నా చేతికిచ్చి, "గడియారం చూసుకో, 20 నిమిషాలు కదిలించకు" అని చెప్పింది. నాకు ఆత్రం. ఐదు నిమిషాలకే గడ్డకట్టిందా లేదా అని వంచి చూశాను. ఆమె ఒక్క మాట తిట్టకుండా ఆ ట్యూబు పారేసి, మళ్ళీ రక్తం తీసి, స్టాండులో పెట్టి, ఎందుకు కదపకూడదో, ట్యూబు గాజుదే ఎందుకు కావాలో, సబ్బుతో కడిగిన ట్యూబు ఎందుకు పనికిరాదో నిలబడి చెప్పింది. ఇరవై నిమిషాల తర్వాత వంచితే రక్తం నీళ్ళలాగా జారింది. అంటే విషం రక్తంలోకి ఎక్కి గడ్డకట్టే గుణాన్ని చెడగొట్టిందని. డాక్టర్ గారు వచ్చి యాంటీ వెనమ్ మొదలుపెట్టించారు. ఆ పరీక్ష మా పుస్తకంలో నాలుగు లైన్లు ఉంటుంది. ఆ నాలుగు లైన్లు నేను చదివాను, కానీ ఆ రోజు నేర్చుకున్నాను.

ఇంకోటి, పురుగుల మందు కేసులు. మన రాయలసీమలో ఈ మాట చెప్పడానికి బాధగానే ఉంటుంది, కానీ ఇక్కడ క్యాజువాలిటీలో పని చేసిన ఏ నర్సుకైనా ఆ వాసన తెలుసు. బట్టలు విప్పి, గ్లౌజులు వేసుకొని ఒళ్ళంతా సబ్బుతో కడగాలి, లేకపోతే చర్మం నుంచి ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ ఛాతీలో గురగుర తగ్గిందా, గుండె వేగం ఎంతుంది, కంటిపాప ఎట్లుంది, ఒళ్ళు ఆరిందా అని పక్కనే నిలబడి చూడాలి. ఆ అట్రోపిన్ ఎక్కువైతే మనిషి పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు, జ్వరం వస్తుంది, అప్పుడు వెంటనే డాక్టర్‌ను పిలవాలి. ఇదంతా ప్లాస్టిక్ బొమ్మ మీద ఎవరు నేర్పగలరు?

అందుకే కాలేజీకి పోయినప్పుడు మొదటి ప్రశ్న: "మీ పేరెంట్ హాస్పిటల్ ఏది, ఎన్ని పడకలు?" ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు లెక్కన చూసుకోవాలి. కాగితం మీద అందరికీ ఉంటుంది. మీరు నాయనతోనో మామతోనో ఒక మామూలు రోజు పొద్దున పదింటికి ఆ ఆసుపత్రికే నేరుగా పోండి. ఓపీలో జనం ఉన్నారా, మంచాల మీద మనుషులు ఉన్నారా, లేక దుప్పట్లు మడత పెట్టి ఉన్నాయా, చూస్తే తెలిసిపోతుంది. యూనిఫాంలో ఉన్న ఫైనలియర్ అమ్మాయిని పక్కకు పిలిచి అడగండి, సెలైన్ ఎక్కించే కెన్యులాలు ఎన్ని వేశావు, నీ చేత్తో ఎన్ని కాన్పులు చేశావు, కేస్ బుక్‌లో రాసినవన్నీ చేసినవేనా అని. ఆ పిల్ల ముఖం చూస్తేనే మీకు సగం జవాబు దొరుకుతుంది.

"క్లాసులకు రాకపోయినా పరవాలేదు, పరీక్షలకు వస్తే చాలు" అనే చోటుకు మాత్రం దయచేసి పోవద్దు. వాళ్ళు చాలా ప్రేమగా మాట్లాడతారు, ఫీజు కూడా తగ్గిస్తారు. ఆ సర్టిఫికెట్‌తో రేపు మీరు ఐసీయూలో నిలబడతారు, ఎదురుగా ఒక తల్లి, ఒక బిడ్డ ఉంటారు. నేను ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను.

బెంగళూరు, బళ్ళారి కాలేజీలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. మంచి పెద్ద ఆసుపత్రులకు అనుబంధంగా ఉన్నవీ ఉన్నాయి. కానీ మధ్యవర్తి మాట మీద పోవద్దు. అక్కడ చదివితే మొదట ఆ రాష్ట్రం నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, తర్వాత మన ఏపీ కౌన్సిల్‌కు మార్పించుకోవాలి, అది కాగితాల పని, టైం తీసుకుంటుంది, సరిగ్గా నోటిఫికేషన్ వచ్చినప్పుడే ఆ కాగితం చేతిలో ఉండదు. మన దగ్గర బీఎస్సీ సీట్లు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉంటాయి. ముందు ఆ కౌన్సెలింగ్ ప్రయత్నించండి, కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అని కాలేజీలోనే రాతపూర్వకంగా అడగండి. ఏ కాలేజీ అయినా సరే, నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైటులో ఆ పేరు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టొద్దు.

చదివేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది, ఫస్టియర్ మార్కులు తేలిగ్గా తీసుకోవడం. "పాసైతే చాలు" అనుకుంటారు. మన రాష్ట్రంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు పోస్టులు మెరిట్ మీద నింపుతున్నారు, రాయలసీమ నాలుగో జోన్‌కు కడపలోని రీజినల్ డైరెక్టర్ ఆఫీసు నుంచి నోటిఫికేషన్ వస్తుంది. అందులో 100కు 75 మార్కులు మీ కోర్సులో అన్ని సంవత్సరాల మార్కుల నుంచే లెక్క కడతారు. పాసై ఎన్నేళ్ళయిందో దానికి ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, ప్రభుత్వంలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసు ఉంటే 15 వరకు. అంటే ఫస్టియర్ అనాటమీలో పోగొట్టుకున్న మార్కులు ఎనిమిదేళ్ళ తర్వాత కూడా మిమ్మల్ని లిస్టులో కిందికి తోస్తాయి. నాతో చదివిన ఒక అమ్మాయి, చేతి పని నాకంటే మంచిది, పాయింటు తేడాలో రెండుసార్లు లిస్టులో కిందే ఆగిపోయింది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు నేను చూశాను.

దీంతో పాటే కాగితాలు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ప్రతి సంవత్సరం మార్కుల మెమో, కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి, స్కాన్ చేసి మెయిల్లో కూడా పెట్టుకోండి. పల్లెలో బడి మూతబడితే నాలుగో తరగతి స్టడీ సర్టిఫికెట్ కోసం తిరగడం ఎంత కష్టమో తిరిగినవాళ్ళకే తెలుసు.

ఒరిజినల్స్ గురించి నా సొంత కథ చెప్పాలి. చదువయ్యాక మొదట చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో, పేరు చెప్పను, "రెండేళ్ళు బాండు, ఒరిజినల్స్ మా దగ్గరే ఉంటాయి" అన్నారు. నాకు ఇరవై ఒక్క ఏళ్ళు, ఎదురు మాట్లాడటం తెలియదు, ఇచ్చేశాను. పదమూడు నెలలకు ఒక ప్రభుత్వ పోస్టుకు సర్టిఫికెట్ వెరిఫికేషన్ పిలుపు వచ్చింది. ఒరిజినల్స్ అడిగితే నలభై వేలు కట్టమన్నారు. అప్పుడు నా జీతం ఏడు వేలు. మా నాయన ఒక ఎనుమును అమ్మి, మిగతాది అప్పు తెచ్చి కట్టాడు. ఆ పోస్టు ఆ ఏడాది రాలేదు కూడా. నాయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు, కానీ పొద్దున్నే పాలు పిండడానికి లేచి, ఖాళీ గాటి వైపు చూసి మళ్ళీ పడుకునేవాడని మా అమ్మ తర్వాత చెప్పింది.

మీ ఒరిజినల్స్ మీ సొత్తు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ ఇవ్వొద్దు. ఇవ్వకపోతే ఉద్యోగం లేదంటే ఆ ఉద్యోగం వద్దు, కర్నూలులో కాకపోతే అనంతపురంలో, కడపలో ఇంకో ఆసుపత్రి ఉంటుంది. ఎక్కడైనా తప్పక సంతకం పెట్టాల్సి వస్తే, ఇంగ్లీషు అర్థం కాకపోతే ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకొని ఎవరితోనైనా చదివించుకొని అప్పుడు పెట్టండి.

జీతం గురించి కూడా తెలుసుకోండి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల మీద ఒక కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ, 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఉన్నదైనా నెలకు 20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. మన ఊళ్ళలో చాలా చోట్ల అంత ఇవ్వడం నేను చూడలేదు. కానీ ఆ అంకె మీకు తెలిసి ఉంటే, జీతం మాట్లాడేటప్పుడు ఏడు వేలకో ఎనిమిది వేలకో తల ఊపకుండా నోరు తెరిచి అడగగలుగుతారు. నాకు ఆ రోజుల్లో అడగొచ్చని కూడా తెలియదు.

మొదటి ఉద్యోగం జీతం రెండు వేలు తక్కువైనా పేషెంట్లు ఎక్కువ ఉన్నచోట, నేర్పే సీనియర్ సిస్టర్లు ఉన్నచోట చేయండి అని నా సలహా. అనంతపురం వైపు వాళ్ళకు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి తెలుసు కదా, అలాంటి రద్దీ ఉన్న చోట రెండేళ్ళు పని చేస్తే చేతికి ధైర్యం వస్తుంది. గుండె జబ్బుల వైపు ఇష్టం ఉంటే పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ లాంటి చోట ఖాళీలు పడ్డాయేమో చూస్తూ ఉండండి. మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వార్డులో పని చేశారో, ఆ ఆసుపత్రికి ఎన్ని పడకలో రాయించుకోండి.

పడకల సంఖ్య ఎందుకంటే ఎయిమ్స్ వాళ్ళు నర్సు పోస్టులకు పెట్టే నార్సెట్ కోసం. 2020లో మొదలైంది ఈ పరీక్ష, మన మంగళగిరి ఎయిమ్స్ పోస్టులు కూడా దీని ద్వారానే. బీఎస్సీ వాళ్ళు అనుభవం లేకుండా రాయొచ్చు, జీఎన్ఎం వాళ్ళకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ళ అనుభవం ఉండాలి. మామూలుగా 30 ఏళ్ళ లోపు వయసు, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు సడలింపు ఉంటుంది. ఎంపికైతే మూల వేతనమే 44,900. ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ ఉన్నాయి, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు. 2025 నోటిఫికేషన్ల దాకా పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్ళకు, 20 మగవాళ్ళకు అని ఉండేది, కాబట్టి తమ్ముళ్ళూ, మీరు కొత్త నోటిఫికేషన్‌లో ఆ లెక్క చూసుకొని దిగండి. రైల్వే ఆసుపత్రుల పోస్టులు కూడా చూసుకోండి. ఈ పరీక్షల్లో ప్రశ్నలు చాలావరకు ఒక పేషెంటు పరిస్థితి చెప్పి, "నర్సు మొదట ఏం చేయాలి" అని అడిగే రకం. వార్డులో నిలబడినవాళ్ళకు అది రోజూ చేసే పనే.

తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు టెన్షన్ ఉంటుంది. నాకూ ఉండేది. మొదటి ఏడాది నర్సెస్ నోట్స్ రాయమంటే చెయ్యి వణికేది. నేను చేసిందేమిటంటే, రోజూ డ్యూటీ అయ్యాక ఒక్క పేషెంటు గురించి పది లైన్లు ఇంగ్లీషులో రాసేదాన్ని, ఏం జబ్బు, పొద్దున ఎట్లున్నాడు, ఏం మందులు ఇచ్చాం, సాయంత్రం ఎట్లున్నాడు అని. మా సీనియర్ సిస్టర్ ఒకామె ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేది. ఆరు నెలల్లో హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతి అప్పజెప్పడం, చెప్పడానికి భయం పోయింది. అలాగే మందు లెక్కలు. ఒక గ్రాము మందును 10 ఎంఎల్‌లో కలిపారు, 500 మిల్లీగ్రాములు ఇవ్వాలి, ఎంత తీయాలి? 5 ఎంఎల్ అని చెప్పడానికి ఫోన్ తీయకూడదు. చిన్నపిల్లల వార్డులో తప్పు లెక్క ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు.

మీ ఒళ్ళు కూడా చూసుకోండి. కోర్సులో చేరగానే హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్నాక ఒక నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది, వేయించుకోండి, కాలేజీ వేయించకపోతే మీ డబ్బుతోనైనా. వాడిన సూదికి మళ్ళీ క్యాప్ పెట్టొద్దు. మా బ్యాచ్ అమ్మాయికి అట్లా పెడుతుంటేనే గుచ్చుకుంది, తిడతారని భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఏడుస్తూ నాకు చెప్పింది. సూది గుచ్చుకుంటే వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బుతో నీళ్ళ కింద కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. ఆ అమ్మాయికి ఇంకా కొన్ని గంటలే మిగిలి ఉన్నాయి, పరిగెత్తించి తీసుకుపోయాం. తర్వాత పరీక్షల్లో ఏమీ లేదని తేలింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ మూడు రోజులు ఆ పిల్ల అన్నం ముట్టలేదు. తిట్లకు భయపడి చెప్పకుండా ఉండొద్దు, మీరు సీనియర్లయ్యాక మీ కింద పిల్లలు చెప్పలేనంత భయం పెట్టొద్దు.

విదేశాల సంగతి కొంచెం. రాయచోటి, కడప వైపు నుంచి కువైట్‌కు పోయిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే మన దగ్గర ఏజెంట్లూ ఎక్కువే. నర్సుగా పోవాలంటే దారి వేరు. గల్ఫ్‌కు మామూలుగా రెండేళ్ళ అనుభవం, డేటాఫ్లో అనే సర్టిఫికెట్ల వెరిఫికేషన్, ప్రోమెట్రిక్ అనే లైసెన్సు పరీక్ష అడుగుతారు. డేటాఫ్లోలో మీ కాలేజీకి, ఆసుపత్రికి నేరుగా రాసి అడుగుతారు, కాబట్టి దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెడితే దొరికిపోతారు. జర్మనీకి జర్మన్ భాష బీ2 స్థాయి వరకు నేర్చుకోవాలి, బ్రిటన్‌కు ఓఈటీ లేదా ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష, అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్సు పరీక్ష. కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో మీరే చూడండి, విజిటింగ్ వీసా మీద పోయి అక్కడ మార్పించుకుందాం అంటే అస్సలు ఒప్పుకోవద్దు.

పెళ్ళి సంబంధాల వాళ్ళు "నైట్ డ్యూటీలు మానేస్తుందా" అని అడగడం ఇంకా ఉంది. మా ఇంట్లో మా జేజి ఒక సంబంధం వాళ్ళకు, "అర్ధరాత్రి మీకు గుండె నొప్పి వస్తే ఆసుపత్రిలో ఎవరుండాలప్పా?" అని ఎదురు అడిగింది. ఆ సంబంధం పోయింది, నేనేం బాధపడలేదు.

మా చిన్నాయన ఇంకా ఆ ఆదోని సార్‌కు ఫోన్ చేసి ఏమీ చెప్పలేదట. సోమవారం ఆయనా, పాపా కర్నూలు వస్తున్నారు. రెండు కాలేజీల పేర్లు రాసుకున్నాం, ముందు వాటి ఆసుపత్రులకే పోతాం. నాకు ఆదివారం నైట్ ఉంది, పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగి నేరుగా బస్టాండుకు వస్తానని చెప్పాను, పాప నాలుగో తరగతి స్టడీ సర్టిఫికెట్ కూడా సంచిలో పెట్టుకొని రమ్మన్నాను.